నా ఛాతీ, అమ్మవారి పల్లకి

ఆ రోజుల్లో మా రాకిరాకిలో డబ్బు కట్టి మరీ బరువులెత్తేవాళ్ళు ఉంటారంటే ఎవరూ నమ్మేవారు కాదు. చెరకు కొట్టేవాడికీ ఎడ్లు తోలేవాడికీ పొద్దువాలేసరికి ఎత్తవలసినవన్నీ ఎత్తడం అయిపోయేది. ఆ తర్వాత కూడా పనిగట్టుకుని ఇనుము పైకెత్తి, దాన్నే మళ్ళీ కిందికి దించడమంటే, బావిలో నీళ్ళు తోడి తిరిగి బావిలోనే పోయడమన్నమాట. ఇప్పుడు సువాలో మా మనవడు చల్లటి అద్దాల గదిలో, చెవుల్లో పాటలు పెట్టుకుని గంటసేపు బరువులెత్తి వస్తాడు. "ఆజా, ఇవాళ గ్రిప్ మార్చాను, వేరే మజిల్ పట్టింది" అని భుజం తడుముకుంటాడు (తాత అనడం వాడికి రాదు, ఆజా అన్నా నాకు తియ్యగానే ఉంటుంది). నాకు లోపల నవ్వు. గ్రిప్ మారితే ఏమవుతుందో నాకు తెలిసినంత బాగా ఈ ఫిజీలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. వాడు మార్చింది వాడి ఒంటి కోసం. నేను ఆ ఏడు మార్చకపోయి ఉంటే మా ఇంటి పరువు కాస్తా వంతెన దాటి అవతలివాళ్ళింటికి వెళ్ళిపోయేది.

పరువంటే ఏమిటో ముందు చెప్పాలి. మా చెరకు తోటల మధ్య రేకుల కప్పుతో ఒక చిన్న అమ్మవారి గుడి ఉంది. ఏటా జూలైలో అమ్మవారిని పల్లకిలో తిప్పుతారు. పల్లకి కర్రలకు నాలుగు కొసలు, నాలుగు కొసలకు నాలుగు కుటుంబాలు. ముందు ఎడమ కొస మాది. తాత మోశాడు, ఆయన తర్వాత మా పెదనాన్న మోశాడు. ఊరేగింపంతా ఒక ఎత్తు, చివర్లో గుడి ముందు జరిగేది ఒక ఎత్తు. అక్కడ నలుగురూ పల్లకిలోని అమ్మవారి వైపు తిరిగి, భుజాల మీదున్న పల్లకిని చేతులు నిలువుగా చాచి తలల పైకి ఎత్తి పట్టాలి. ఆ ఏడు పుట్టిన పసిపిల్లలందరినీ తల్లులు ఎత్తుకుని ఒకరి వెనక ఒకరు దాని కింద నుంచి దాటాలి. ఆఖరి బిడ్డ దాటేదాకా దించకూడదు, ఎవరూ నోరు విప్పకూడదు. మధ్యలో ఎవరి చేతులైనా వంగితే, పక్కనే సిద్ధంగా నిలబడ్డ మనిషి ఆ కొస అందుకుంటాడు. అందుకున్నవాడి ఇంటికే ఇక ఆ కొస. మళ్ళీ తిరిగి రాదు. మా కొస పక్కన నిలబడే మనిషి వంతెన అవతలి ఇంటివాడు, టౌనులో బేకరీలో పిండి పిసికేవాడు. మంచివాడే గానీ, ఆ పిసికిన చేతులు చూస్తే మా ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది.

అలాంటి సమయంలో మా పెదనాన్నను ఎద్దు ఈడ్చి పడేస్తే ఆయన భుజం జారింది. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలు. మా నాన్నకు ఉబ్బసం. మిగిలింది నేను. నన్ను అందరూ 'సుక్కా' అనేవారు, అంటే ఎండుపుల్ల అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. అప్పుడే నాకు లోటోకాలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. బస్సెక్కించడానికి వచ్చిన పెదనాన్న, జారిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని, "ఒరే సుక్కా, వచ్చే జూలై కొస నీదే. ఆడ తిని, ఒళ్ళు చేసి రా. కొస పోతే నేను గుడికి ఎట్లా పోతాను, బోల్" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి. బస్సు తవువా దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను (దుమ్ము పడిందని పక్కవాడికి చెప్పాను, ఆ రోడ్డు మీద ఎవరైనా నమ్ముతారు).

నిజానికి నేను బరువులు అసలు ఎత్తనివాణ్ణి కాను. మా ఇల్లు స్తంభాల మీద కట్టినది. ఇంటి కింద నీడలో ఒక మామిడి చెక్క బల్ల, దాని పక్కన ఒక ఇరుసు ఉండేవి. చెరకు రైలు పట్టాలు బాగున్నాయో లేదో చూసుకుంటూ మనుషులు తోసుకుపోయే చిన్న ట్రాలీ ఉంటుంది చూడండి, పాడైపోయిన అలాంటి ట్రాలీ ఇరుసు అది, రెండు చక్రాలతో సహా. మా కుర్రకారంతా ఆ బల్ల మీద వెల్లకిలా పడుకుని దాన్ని ఎత్తేవాళ్ళం. ఆ రైలు పట్టాల మధ్య ఎడమే రెండడుగులు. చక్రాల మధ్య వేళ్ళు నలగకుండా పట్టుకోవాలంటే చేతులు ఇంకా దగ్గరికి రావాలి. మాకు అదొక్కటే పట్టు తెలుసు. దాని ఫలితంగా మా తోటల్లో కుర్రాళ్ళందరికీ చేతుల వెనక కండ కొబ్బరిచిప్పలా ఉండేది, ఛాతీ మాత్రం పలక. నాకైతే ఆ చేతుల వెనక ఉన్న కాస్త కండా చొక్కా చేతుల్లో దాక్కునేది, బయటికి కనిపించేది పలక ఒక్కటే. ఆ ఇరుసు ఉత్త దండగ అని నేను ఎప్పుడో తేల్చేశాను.

లోటోకాలో నేను నటబువాలో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక టైర్ల షాపు, దాని వెనక షెడ్డులో బరువులెత్తే క్లబ్బు. దాన్ని నడిపేది సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక ఫిజియన్ పెద్దమనిషి. అందరూ సార్జంట్ అనేవారు. తలుపు మొత్తం నిండిపోయే మనిషి, గొంతు మాత్రం చాలా మెత్తన. మా ఫిజీ హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. మొదటి రోజే నన్ను కింది నుంచి పైదాకా చూసి, "కౌంచీ ఖాతిర్ ఉఠాయ్ మాంగే?" అన్నాడు, ఎందుకోసం ఎత్తాలనుకుంటున్నావని. అమ్మవారి పల్లకి కోసమని చెప్పాలి. ఆ మాటే చెప్పాలి. కానీ చుట్టూ రగ్బీ ఆడే కుర్రాళ్ళు, ఎదురుగా గోడకు నిలువుటద్దం. దేవత పల్లకి అంటే నవ్వుతారేమోనని సిగ్గేసి, "ఊరికే, బలం కోసం" అన్నాను. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో ఇంత చిన్నదీ ఇంత ఖరీదైనదీ మరొకటి లేదు.

సార్జంట్ నన్ను బల్ల మీద పడుకోబెట్టి పొడుగాటి ఇనుప కడ్డీ చేతికిచ్చాడు. ఆ కడ్డీకి చక్రాల అడ్డం లేదు, ఎంత వెడల్పుగా కావాలంటే అంత వెడల్పుగా పట్టుకోవచ్చు. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఆయన తన వేలు నా ఛాతీ మీద పెట్టి ఎత్తమన్నాడు, తర్వాత చేతులు దగ్గరికి జరిపి మోచేతి పైన వెనక వైపు వేలు పెట్టి ఎత్తమన్నాడు. "ఎక్కడ గట్టిగా తగులుతోందో చూడు. గట్టిపడిన కండ డ్యూటీలో ఉన్నట్టు, మెత్తగా ఉన్నది సెలవులో ఉన్నట్టు. చేతులు వెడల్పుగా పడితే ఛాతీ డ్యూటీ. దగ్గరగా పడితే చేతి వెనక కండ డ్యూటీ. రెండూ పూర్తిగా సెలవు తీసుకోవు, కానీ పెద్ద పని ఒకటే చేస్తుంది. నీకు ఏది కావాలి?" అన్నాడు. నేను అద్దం వైపు చూశాను. చేతి వెనక కండ అద్దంలో కనబడదు కదా. "ఛాతీ" అన్నాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను వెడల్పు పట్టు తప్ప ఇంకో పట్టు పట్టలేదు. అరచేతులు మొహం వైపు తిప్పి పడితే పై ఛాతీ పొంగుతుందని ఎవడో చెబితే ఒకసారి అలా కూడా పట్టి చూశాను. కడ్డీ వేళ్ళలోంచి జారి మెడ మీదికి వస్తుంటే సార్జంట్ ఒంటిచేత్తో అందుకుని, "అది తెలిసినవాళ్ళ పట్టు. నువ్వు ముందు బతికుండు" అన్నాడు. మొత్తానికి నా పలక కాస్తా పొంగింది. చొక్కా గుండీలు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. మా అత్త కుట్టీ కుట్టీ విసుగొచ్చి, "గట్టిగా ఊపిరి తీయకు నాయనా, దారం అయిపోయింది" అనేది. ఆఫీసులో ఫైలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ దగ్గరికి కూడా ఛాతీ ముందు వెళ్ళేది, వెనకాల నేను వెళ్ళేవాణ్ణి. స్టూడియోకు పోయి పక్కకు తిరిగి ఫోటో తీయించుకుని పెదనాన్నకు పంపాను. ఆయన ఆ ఫోటో పట్టుకుని గుడి దగ్గర అందరికీ చూపించాడట. బేకరీవాడు కూడా చూసి మెచ్చుకున్నాడట.

జూన్ నెలలో ఒక శనివారం, మోత అలవాటు చేసుకోవడానికి ఊరు వెళ్ళాను. పల్లకిలో అమ్మవారికి బదులు బియ్యం బస్తాలు పెట్టారు. నేను చొక్కా విప్పగానే జనంలో చిన్న గుసగుస. ఆహా అనుకున్నాను. భుజానికెత్తడం బాగానే అయింది. తిరిగి నిలబడి పైకి ఎత్తబోతూ చేతులు అలవాటు కొద్దీ వెడల్పుగా చాచాను. కుడిచెయ్యి వెళ్ళి పల్లకి పెట్టెకు కొట్టుకుంది. ఎడమచెయ్యి కొసనున్న ఇత్తడి కుప్పె మీదికి పోయి జారింది. "ఆడ కాదురా. రెండు చేతులూ నడుమనే పెట్టాలి" అన్నాడు పెదనాన్న. పెట్టెకూ కుప్పెకూ నడుమ జానెడు మీద బెత్తెడు చోటు. అంతే. తాత, పెదనాన్న, వాళ్ళతో పాటు మిగతా కొసలవాళ్ళంతా జీవితమంతా అదే చోట పట్టుకుని ఎత్తారు. నేను చేతులు దగ్గరికి తెచ్చి ఎత్తాను. మూడు కొసలు లేచాయి. నాది తల దాకా లేచి, అక్కడే ఆలోచనలో పడి, మెల్లగా దిగిపోయింది. ఎనిమిది నెలల సెలవులో ఉన్న కండలను ఒక్కసారిగా డ్యూటీకి రమ్మంటే ఎందుకొస్తాయి? ఒక బస్తా జారి కింద పడి పిగిలింది. కోళ్ళు పండగ చేసుకున్నాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. బేకరీవాడు నా వైపు చూడకుండా బియ్యం ఎత్తడం మొదలుపెట్టాడు. పెదనాన్న నన్ను పక్కకు పిలిచి నా ఛాతీ మీద, చేతి వెనక ఒక్కో వేలితో నొక్కి చూశాడు (సార్జంట్ చేసినట్టే, ఏ క్లబ్బుకూ పోని మనిషి). "పైన పటారం, లోన లొటారం. ఛాతీ చేసినావు, చెయ్యి ఏది? ఇంటి కింద ఇరుసు ఉన్నాది గదా, అది ఎందుకు ఎత్తుతాం అనుకున్నావు?" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ ఇరుసును ఇంటికి తెచ్చింది తాతట. చక్రాల మధ్య చోటు, పల్లకి కొస దగ్గర చోటు చేతులకు ఒకలాంటి కొలతే ఇస్తాయని చూసి తెచ్చాడట. నేను దండగ అనుకున్నది మా ఇంటి పల్లకి బడి. ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం సాయంత్రం షెడ్డుకు పోయి సార్జంట్‌తో నిజం చెప్పాను. పల్లకి, కొస, వంతెన అవతలివాళ్ళు, పెదనాన్న కళ్ళు, పిగిలిన బస్తా, అన్నీ. ఆయన బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు. తర్వాత, "దేవుడి పని అని మొదటి రోజే చెబితే నేను నవ్వుతాననుకున్నావా? నేను ప్రతి ఆదివారం చర్చిలో పాడతాను" అన్నాడు. ఆయన లేచి, కడ్డీ మీద నా జానెడూ బెత్తెడూ కొలిచి సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. పల్లకి కర్ర లావని చెబితే కడ్డీకి గోనె చుట్టాడు. ఇక ఆ నెలంతా నాకు అద్దం వైపు వీపు. నిలబడి, గీతల మధ్య పట్టి, మోచేతులు పక్కలకు విరజిమ్మకుండా పక్కటెముకల వైపు ఉంచి పైకి తొయ్యడం, పైన ఆపి ఉంచడం. నేను వణికినప్పుడల్లా ఆయన అనే మాట ఒకటే: "నగీచ్ పకరో, కెహునీ భిత్తర్." దగ్గరగా పట్టు, మోచేతులు లోపలికి. నెల రోజుల్లో కొత్త కండ రాదనీ, ఉన్న కండకు పని గుర్తొస్తే చాలుననీ ఆయన లెక్క. ఆఖరి పది రోజులు ఉపవాస నియమం, మాంసం లేదు, చేప లేదు. ఆ మాట చెప్పినప్పుడు ఒక్కసారి మాత్రం సార్జంట్ ముఖం వాడింది. మర్నాడు తన తోటలో కాసిన చిక్కుళ్ళు ఒక గంప తెచ్చిచ్చాడు.

ఆ ఏడు పసిపిల్లలు ఎంతమందో తెలిస్తే మీకు నా మీద జాలి కలుగుతుంది. మామూలుగా ఏడో ఎనిమిదో ఉంటారు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చి, రోడ్లు తెగి, బస్సులు ఆగి, మగవాళ్ళందరూ రోజుల తరబడి ఇళ్ళలోనే ఉండిపోయారు. జూలై నాటికి పంతొమ్మిది మంది (వరసలో మా అక్క కూడా ఉంది, ఇరవై రోజుల బిడ్డతో). నేను పల్లకి కింద నిలబడి వరసను చూసి, తుఫానును మనసులో తిట్టుకున్నాను. సార్జంట్ పొద్దుటి బస్సుకే దిగి, బూట్లు విప్పి, తెల్ల చొక్కాతో మగవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నాడు. మోసేవాళ్ళం చొక్కాలు వేసుకోకూడదు. ఇంత జరిగినా నా పాడు బుద్ధి, ఆడవాళ్ళు చూస్తున్నారని ఛాతీ కొంచెం ముందుకే పెట్టాను.

ఎత్తాం. లేచింది. మొదటి ఆరుగురు పిల్లలు దాటేదాకా ఇంత సులువా అనుకున్నాను. పదోవాడి దగ్గర మోచేతులు వణకడం మొదలైంది. పక్కన బేకరీవాడు, మాట్లాడకూడదు కనుక, బిడ్డ బిడ్డకూ కనుబొమ్మలు పైకెత్తి 'ఇస్తావా' అని అడుగుతున్నాడు. నేను కళ్ళతోనే వద్దంటున్నాను. పదిహేడోవాడు దాటాక నా కొస ఒక బెత్తెడు దిగింది. గుమ్మం దగ్గర పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు మా అక్క బిడ్డ పాలు కక్కుకున్నాడు. అక్క ఆగింది. మా అమ్మ పరుగెత్తింది. గుడ్డ తెచ్చారు, ఆ గుడ్డ మడి కాదని ఇంకోటి తెచ్చారు. నా కొస ఇంకో బెత్తెడు దిగింది, బేకరీవాడి రెండు చేతులూ లేచాయి.

అంత నిశ్శబ్దంలో, నోరు విప్పకూడదన్న నియమం తెలియని ఒకే ఒక్క మనిషి చాప మీద నుంచి లేచి నిలబడి, సైన్యం నాటి నుంచి దాచుకున్న అసలు గొంతుతో అరిచాడు: "నగీచ్ పకరో! కెహునీ భిత్తర్!"

నా మోచేతులు నన్నడగకుండానే లోపలికి వచ్చాయి. నావే కాదు, నలుగురివీ వచ్చాయి. పల్లకి ఒక జానెడు పైకి లేచి, గుడి ముందున్న సీతాఫలం చెట్టు కొమ్మకు తగిలి, అక్కడ నిలబడింది. అక్క బిడ్డను గుండెకు అదుముకుని వంగి నా కళ్ళ ముందు నుంచే దాటింది. ఆ వెనకే ఆఖరి బిడ్డ. దించాం. డప్పులు మోగాయి. నాకు గ్లాసుతో నీళ్ళు పట్టి తాగించింది బేకరీవాడే, నా చేతులు గ్లాసు పట్టే స్థితిలో లేవు మరి. నియమం తప్పిందని ఎవరో గొణిగితే పూజారి, "పల్లకి పైకే గదా పోయినాది" అని తేల్చేశాడు. పెదనాన్న సార్జంట్ దగ్గరికి వెళ్ళి, మంచి భుజం వైపు చెయ్యి ఆయన మెడ చుట్టూ వేసి ఏడ్చాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తర్వాత పెళ్ళప్పుడు కూడా కలగలేదు (ఈ వాక్యం మా ఆవిడ చదవదు, ఆమెకు తెలుగు రాదు).

ఆ కొస నేను పదకొండేళ్ళు మోశాను. సువాకు బదిలీ అయ్యాక పెదనాన్న అల్లుడు అందుకున్నాడు. ఆ అల్లుడు బేకరీవాడే, కాబట్టి కొస ఇంట్లోనే ఉంది. సార్జంట్ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పల్లకి ఎత్తే ముందు గుడిలో పెద్దవాడొకడు నగీచ్ పకరో, కెహునీ భిత్తర్ అని గట్టిగా పలుకుతాడు. అది చెరకు కూలికి ఓడలో వచ్చిన ముత్తాతల నాటి మంత్రమని కుర్రాళ్ళు చెప్పుకుంటారట. నేను సరిదిద్దలేదు.

పోయిన ఏడాది అక్కను చూడడానికి రాకిరాకి వెళ్ళాను. ఆనాడు పాలు కక్కిన పసివాడు బట్టతలతో వచ్చి టీ ఇచ్చి వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా మనసులో ఉన్న మాట ఆ పూట అడిగేశాను. నువ్వు దాటుతున్నప్పుడు కావాలనే ఊపిరి పీల్చి ఛాతీ పొంగించి నిలబడ్డాను, ఎలా ఉన్నానో చెప్పు అన్నాను.

"నిన్ను నేను యాడ చూసినాను రా?" అంది అక్క. "బిడ్డకు మెడ నిలవలేదు. మెడ చూసుకున్నాను, కాళ్ళ కింద నేల చూసుకున్నాను."

"నెత్తి మీద పల్లకి వణుకుతుంటే ఒక్కసారైనా పైకి చూడలేదా?"

"ఎందుకు చూడాలి?" అంది అక్క, నేను అడిగింది తనకు అర్థం కానట్టు. "పట్టుకున్నాది నువ్వే గదా."